రాత్రి క్వార్టర్, తెల్లవారి స్టీరింగ్

కాగితం మీద చూస్తే, మద్యం విషయంలో మన లారీ డ్రైవరుకు గీసిన గీత అమెరికా లారీ డ్రైవరుకు గీసినదాని కన్నా కఠినమైనది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. స్కూటీ అయినా, కారయినా, పద్నాలుగు టైర్ల లారీ అయినా గీత ఒకటే. అమెరికాలో ఒక్క యూటా తప్ప మిగతా రాష్ట్రాల్లో కారు నడిపేవారికి ఆ గీత 80 దగ్గర ఉంది. వాణిజ్య లైసెన్సుతో పెద్ద బండ్లు నడిపేవారికి దాన్ని సగానికి దించి 40 చేశారు. అంటే అక్కడ అందరికన్నా కట్టుదిట్టంగా చూసే డ్రైవరుకు కూడా మన బైకు కుర్రాడి కన్నా పది మిల్లీగ్రాముల వెసులుబాటు ఎక్కువే. అయినా, తాగిన లారీ డ్రైవరు రోడ్డెక్కకుండా ఆపడంలో ఎవరి పద్ధతి మెరుగని అడిగితే ఈ అంకెలు చూసి జవాబు చెప్పలేం. గీత ఎక్కడుందన్నది చిన్న సంగతి. దాటాడో లేదో ఎవరు చూస్తున్నారు, ఎక్కడ చూస్తున్నారు, ఏ గంటకు చూస్తున్నారన్నది పెద్ద సంగతి. మన చట్టం డ్రైవరును రోడ్డు మీద పట్టుకోవాలని చూస్తుంది. లారీల విషయంలో ఆ పని బండి కదలకముందే, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దగ్గరో లోడింగు పాయింటు దగ్గరో జరగాలన్నది నా వాదన. దానికి మొదటి కారణం మన కాలేయం పనిచేసే తీరులోనే ఉంది.

మద్యాన్ని అన్నంలాగా అరిగించుకోవాల్సిన పని శరీరానికి లేదు. కొంత కడుపులోంచి, ఎక్కువ భాగం చిన్నపేగులోంచి అది ఉన్నదున్నట్టుగా రక్తంలోకి ఇంకిపోతుంది. ఖాళీ కడుపున తాగితే అరగంట, గంటలోపే రక్తంలో దాని మోతాదు శిఖరానికి చేరుతుంది. భోజనంతోపాటు తాగితే నెమ్మదిగా, కొంచెం తక్కువగా చేరుతుంది. రక్తంలోకి వచ్చాక ఒంట్లో నీరు ఉన్న చోటల్లా సర్దుకుంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1930ల తొలినాళ్లలో దీనికొక సూత్రం కట్టాడు. తాగిన ఆల్కహాల్‌ను శరీర బరువుతో భాగించాలి, అయితే మొత్తం బరువుతో కాదు: మగవారికి అందులో దాదాపు 68 శాతం, ఆడవారికి 55 శాతం లెక్కవేయాలి. పోలీసులూ న్యాయస్థానాలూ నేటికీ ఆధారపడే లెక్కకు పునాది ఇదే. లోపలికి రావడం ఇంత సులువైన ఈ పదార్థం బయటికి పోవడం మాత్రం అంత సులువు కాదు. చాలా మందులు ఒంట్లో ఎంత ఎక్కువ ఉంటే అంత వేగంగా ఖర్చవుతాయి. ఆల్కహాల్ అలా కాదు. కాలేయంలో దాన్ని విరిచే ఎంజైము కొద్దిపాటి మోతాదుకే పూర్తిగా పనిలో మునిగిపోతుంది. ఆపైన ఎంత వచ్చి పడినా దాని వేగం పెరగదు. టోల్‌గేటులో ఒక్క వరుసే తెరిచి ఉంటే వెనక పది లారీలున్నా రెండొందలున్నా గంటకు బయటపడేవి అన్నే అయినట్టు. ఆ వేగం మనిషి మనిషికీ మారుతుంది కానీ, సగటున గంటకు 15 మిల్లీగ్రాములు; చాలామందిలో 10కీ 20కీ మధ్య. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం వీటిలో ఏదీ ఆ వరుసను వెడల్పు చెయ్యదు.

ఈ లెక్కను ఒక మామూలు రాత్రికి వర్తింపజేద్దాం. మన దుకాణాల్లో అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ సాధారణంగా ఘనపరిమాణంలో 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో దాదాపు 61 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. 65 కిలోల మనిషి దాన్ని పూర్తిగా తాగితే విడ్‌మార్క్ సూత్రం ప్రకారం రక్తంలో 137 మిల్లీగ్రాముల దాకా పోతుంది. రాత్రి 11 గంటలకు ధాబా దగ్గర ఆ క్వార్టరు పట్టించి, రొట్టె తిని, క్యాబిన్‌లో నడుం వాల్చాడనుకుందాం. తెల్లవారుజామున 4 గంటలకు ట్రాఫిక్ తక్కువని బండి తీస్తే అతని రక్తంలో ఇంకా 60 పైచిలుకు ఉంటుంది, అంటే మన చట్టం గీతకు రెట్టింపు. 6 గంటలకు తీసినా గీత దగ్గరే ఊగిసలాడుతుంటాడు. కాలేయం కాస్త నెమ్మదైనదైతే ఆ వేళకూ 60కి పైనే. క్వార్టరుకు బదులు 375 మిల్లీలీటర్ల హాఫ్ అయితే రాత్రి 9 గంటలకు మొదలుపెట్టినవాడు మర్నాడు మధ్యాహ్నం 2 దాకా చట్టం దృష్టిలో తాగి ఉన్నట్టే. సూత్రం ఇచ్చేది సగటు గనుక మనిషిని బట్టి గంటో రెండు గంటలో అటూ ఇటూ అవుతుంది, విషయం మారదు. లారీ డ్రైవరు విషయంలో మద్యం సమస్య అంటే చేతిలో సీసాతో నడిపేవాడని మనం ఊహించుకుంటాం. అంతకన్నా ఎక్కువ ఆలోచించాల్సింది నిన్న రాత్రి తాగి, పడుకుని లేచి, ఇప్పుడు బాగానే ఉన్నానని నమ్ముతున్న మనిషి గురించి.

ఆ నమ్మకం అబద్ధమూ కాదు, నిజమూ కాదు. మోతాదు పెరుగుతున్నప్పుడు తెలిసినంతగా దిగుతున్నప్పుడు నిషా తెలియదు. అదే 60 మిల్లీగ్రాముల దగ్గర ఎక్కేటప్పుడు తూలినవాడు దిగేటప్పుడు తేరుకున్నాననుకుంటాడు. నిద్ర పోయాడు కదా అంటే, మద్యం తెచ్చే నిద్ర మొదటి సగంలో గాఢంగా, రెండో సగంలో తెగిపోతూ ఉంటుంది. లారీ డ్రైవరుకు అసలే నిద్ర బాకీ. డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ 1997లో నేచర్ పత్రికలో ప్రకటించిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వరసగా 17 గంటలు మేలుకున్నవారి చేతికీ కంటికీ కుదిరే పొంతన, రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోయింది. రాత్రంతా మేలుకుంటే 100 మిల్లీగ్రాములకు సమానం. అలసట మీద మద్యం పడితే రెండూ కూడి, ఒక్కోటి విడిగా చేసే చేటు కన్నా ఎక్కువ చేస్తాయి. చెన్నై, కోల్‌కతా దారిలో రెండో రాత్రి నడుపుతున్న డ్రైవరుకు 25 మిల్లీగ్రాములు చేసేదీ, బాగా నిద్రపోయి ప్రయోగశాలకు వచ్చిన విద్యార్థికి 25 చేసేదీ ఒకటి కావు. చట్టంలో అంకె మాత్రం ఇద్దరికీ ఒకటే.

బండి బరువు సంగతి వేరే చెప్పాలి. లోడుతో 28 టన్నులున్న పది టైర్ల లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, అదే వేగంతో పోయే చిన్న కారు కన్నా దానిలో దాదాపు 23 రెట్లు శక్తి ఉంటుంది. ఆ వేగంతో సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. కారులో పెడల్ తొక్కగానే బ్రేకు పడుతుంది. లారీలో గాలి గొట్టాల గుండా చక్రాల దాకా పోయి బ్రేకు పట్టడానికి అర సెకను దాకా పడుతుంది. డ్రైవరు మెదడులో మరో అర సెకను జాప్యం కలిస్తే, రెండూ కలిసి పదహారు మీటర్లు మింగేస్తాయి. ఊరి మధ్యగా పోయే జాతీయ రహదారి మీద అది రోడ్డు దాటే మనిషి ప్రాణం. తక్కువ మోతాదు మద్యం ముందుగా దెబ్బతీసేది చేతి బలాన్నో చూపునో కాదు, ఒకేసారి నాలుగు వైపులా మనసు పెట్టే శక్తిని. అద్దం, గేరు, ముందు ట్రాక్టరు, పక్కన ఆటో వీటన్నిటినీ ఒకే క్షణంలో పట్టించుకోవడం లారీ డ్రైవరు పనిలో సగం. తక్కువ మోతాదుల మీద వెలువడిన 112 అధ్యయనాలను అమెరికా పరిశోధకులు మోస్కోవిట్జ్, ఫియొరెంటినో 2000 సంవత్సరంలో సమీక్షించి, 50 మిల్లీగ్రాములకల్లా ఎక్కువ నైపుణ్యాలు దెబ్బతింటున్నాయనీ, కొన్నిటికి అంతకన్నా చాలా ముందే చేటు మొదలవుతోందనీ తేల్చారు.

ఇక్కడ ఒక పాత ఆక్షేపణ ఎదురవుతుంది: ఒక పెగ్గు పడితే చెయ్యి నిలకడగా ఉంటుందనేది. దీనికి శాస్త్రం మద్దతు ఉందని కూడా ఒకప్పుడు అనుకున్నారు. శ్వాస పరీక్ష యంత్రాన్ని 1954లో కనిపెట్టిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో వేలమంది డ్రైవర్లను పరీక్షించి 1964లో ఫలితాలు వెలువరించాడు. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం నిటారుగా పెరగడం అందులో స్పష్టంగా కనిపించింది. కానీ కొద్దిగా తాగినవారిలో, అసలు తాగనివారికన్నా ప్రమాదాలు కాస్త తక్కువగా ఉన్నట్టు గ్రాఫులో ఒక చిన్న పల్లం వచ్చింది. తరవాతి వారు ఆ లెక్కను విడదీసి చూస్తే చిక్కు వీడింది. ఆ రోజు తాగి ఉండనివారి గుంపులో కొత్తగా స్టీరింగు పట్టిన కుర్రాళ్లూ, వయసు మళ్లినవారూ ఎక్కువమంది ఉన్నారు. వాళ్లకు ప్రమాదాలు మామూలుగానే ఎక్కువ. ఎంత తరచుగా తాగుతారన్నదాన్ని బట్టి మనుషులను విడివిడి గుంపులుగా చేసి చూస్తే ఆ పల్లం మాయమైంది. మద్యం మేలు చేసినట్టు కనిపించింది, నిజానికి పోల్చకూడనివారితో పోల్చడం వల్ల.

అమెరికా ఈ విషయంలో మేలుకున్నది ఒక్కరోజులో కాదు. వాణిజ్య డ్రైవర్లకు జాతీయ ప్రమాణాలతో వేరే లైసెన్సు ఉండాలని 1986లో చట్టం చేశారు. ఎంత మోతాదు దగ్గర గీత గీయాలో చెప్పమని అదే చట్టం శాస్త్రవేత్తలను కోరింది. సున్నా నుంచి మొదలుపెట్టి అన్ని మార్గాలనూ తూచుతూ వాళ్లు 1987లో నివేదిక ఇచ్చారు. 1988లో ప్రభుత్వం 40ని ఎంచుకుంది. ఇంతవరకు అది మన పద్ధతిలాంటిదే, రోడ్డు మీద పోలీసు చూసే గీత. అసలు మలుపు లారీల వల్ల కాదు, రైళ్ల వల్ల వచ్చింది. 1991 ఆగస్టు 28 అర్ధరాత్రి దాటాక న్యూయార్క్ యూనియన్ స్క్వేర్ స్టేషన్ దగ్గర భూగర్భ రైలు పట్టాలు తప్పి ఐదుగురు చనిపోయారు; నడిపినవాడు తాగి ఉన్నాడు. అతను డ్యూటీ ఎక్కే ముందు ఎవరూ పరీక్షించలేదు. ఏళ్ల తరబడి కాంగ్రెసులో నలుగుతున్న బిల్లు సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 28న చట్టమైంది. విమానం, రైలు, బస్సు, లారీ నడిపేవారందరినీ మద్యానికీ మత్తుమందులకూ పరీక్షించే బాధ్యతను అది యజమాని నెత్తిన పెట్టింది. పెద్ద కంపెనీలకు 1995 నుంచి, చిన్నవాటికి 1996 నుంచి అమలైంది.

ఆ నిబంధనల్లో 40 అనే అంకె ఒక మూల మాత్రమే. డ్యూటీకి నాలుగు గంటల ముందు నుంచి చుక్క ముట్టకూడదు. యజమాని తన డ్రైవర్లలో ఏటా కనీసం పది శాతం మందిని చీటీ తీసినట్టు ఎంచి, ముందు చెప్పకుండా పరీక్షించాలి. తూలుతున్నట్టు, మాట తడబడుతున్నట్టు శిక్షణ పొందిన సూపర్వైజరుకు అనిపిస్తే పరీక్షించాలి. 20 నుంచి 39 మధ్య వస్తే నేరమేమీ లేదు గానీ 24 గంటలపాటు బండి ముట్టనివ్వకూడదు. పరీక్షకు ఒప్పుకోకపోతే తప్పినట్టే లెక్క. ఇందులో నాకు బాగా నచ్చిన షరతు చూడటానికి చిన్నది: మత్తుమందుల పరీక్ష ఎప్పుడైనా చెయ్యవచ్చు, మద్యం పరీక్ష మాత్రం డ్యూటీకి కాస్త ముందో, డ్యూటీలోనో, దిగిన వెంటనేనో చెయ్యాలి. గంజాయి ఆనవాలు రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. ఆల్కహాల్ గంటల్లో పోతుంది. సెలవు రోజున మనిషి ఏం తాగాడన్నది ప్రభుత్వానికి అనవసరం. స్టీరింగు ముందు ఒంట్లో ఎంత ఉందన్నదే అవసరం. ఆ తేడా తెలిసినవారు రాసిన నిబంధన ఇది. అలాగని ఆ నాలుగు గంటల నియమాన్ని మెచ్చుకోలేను. మన క్వార్టరు లెక్కలో నాలుగు గంటలకు దిగేది 60 మిల్లీగ్రాములే. విమానాలు నడిపేవారికి అమెరికాలో 8 గంటలు, మన దేశంలో 12 గంటలు. లారీ డ్రైవరు కాలేయం పైలట్ కాలేయం కన్నా మూడింతలు చురుకైనదని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ప్రమాదం జరిగాక ఏం చెయ్యాలన్నదాంట్లో కాలం విలువ ఇంకా తేటగా తెలుస్తుంది. అమెరికాలో ప్రాణం పోయిన ప్రమాదంలో బతికి ఉన్న వాణిజ్య డ్రైవరును రెండు గంటల్లోపు మద్యం పరీక్ష చెయ్యాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో యజమాని రాసిపెట్టాలి. ఎనిమిది గంటలు దాటితే ఇక ప్రయత్నించకూడదు, అప్పుడు దొరికే అంకెకు అర్థం లేదు గనుక. మన చట్టంలోనూ రెండు గంటల మాట ఉంది. 202వ సెక్షన్ ప్రకారం, తాగి నడిపాడని అరెస్టు చేసినవాణ్ణి రెండు గంటల్లోపు వైద్యపరీక్షకు పంపాలి, లేదంటే వదిలెయ్యాలి. గడియారం మొదలయ్యేది అరెస్టు నుంచి. ప్రమాదం నుంచి కాదు. జనం కొడతారని భయపడి డ్రైవరు లారీ వదిలి పారిపోవడం మన రోడ్ల మీద కొత్త కాదు. మర్నాడు స్టేషనులో లొంగిపోయేసరికి కాలేయం తన పని ముగించి సాక్ష్యం తుడిచేసి ఉంటుంది. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, అందులో మద్యం ఖాతాలో పడింది మూడు శాతం లోపే. ఎక్కువ భాగం అతివేగం ఖాతాలో పడింది. ఈ మూడు శాతాన్ని చూపించి మద్యం మనకు పెద్ద సమస్య కాదనేవారున్నారు. పరీక్ష వేళకు జరగని చోట మద్యం కనిపించకపోవడం, మద్యం లేకపోవడం రెండూ ఒకటి కావు. తాగినవాడి అతివేగం కూడా అతివేగంగానే నమోదవుతుంది.

జరిమానాలు పెంచితే చాలదా అన్నది ఇంకో మాట. 2019 సవరణతో మొదటిసారి దొరికితే పది వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి పదిహేను వేలు, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. శిక్ష బరువు మీద మనకున్న నమ్మకానికి బ్రిటన్ అనుభవం మంచి మందు. 1967 అక్టోబరులో అక్కడ 80 మిల్లీగ్రాముల గీత, శ్వాస పరీక్ష ఒక్కసారిగా అమల్లోకి వచ్చాయి. విపరీతమైన ప్రచారం జరిగింది, ప్రమాదాలు గభాలున పడిపోయాయి. కొన్నేళ్లలో మెల్లగా మళ్లీ లేచాయి. చట్టం మారలేదు, శిక్ష తగ్గలేదు. దొరికే అవకాశం తాము భయపడినంత లేదని జనానికి అర్థమైందంతే. ఈ చరిత్రను తవ్వి తీసిన అమెరికా సామాజిక శాస్త్రవేత్త లారెన్స్ రాస్ చెప్పింది అదే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982 డిసెంబరులో, అనుమానం ఉన్నా లేకున్నా ఏ డ్రైవరునైనా ఆపి పరీక్షించడం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. అక్కడ తగ్గుదల ఏళ్ల తరబడి నిలబడింది. మన నగరాల్లో వారాంతపు రాత్రుళ్లు జరిగే డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు ఈ కోవకే చెందుతాయి గానీ, వాటి వలలో పడేది ఎక్కువగా బైకులూ కార్లే. తెల్లవారుజామున ఊరి బయట బైపాసు మీద పోయే లారీకి ఆ తనిఖీ ఎదురవడం అరుదు. అన్ని బైపాసుల మీదా, అన్ని రాత్రులూ పోలీసులను నిలబెట్టడం జరిగే పని కాదు. హైవేల పక్కన మద్యం దుకాణాలు ఉండకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మంచి ఉద్దేశంతో వచ్చిందే. దుకాణం 500 మీటర్లు జరిగింది. లోడు దింపి, రాత్రంతా వరుసలో ఆగే డ్రైవరుకు 500 మీటర్లు ఒక దూరమా?

గీతదా, పరీక్షదా గొప్ప అన్న ప్రశ్నకు జపాన్ చరిత్ర దాదాపు ప్రయోగంలా పనికొస్తుంది. 1999 నవంబరులో తోమెయ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద తాగిన లారీ డ్రైవరు ఒక కారును గుద్ది ఇద్దరు పసిపిల్లల మరణానికి కారణమయ్యాడు. దేశం కదిలిపోయింది. 2001లో ప్రమాదకర డ్రైవింగుతో ప్రాణాలు తీయడాన్ని ప్రత్యేక నేరం చేశారు. 2002లో గీతను దించారు. ఇప్పుడు జపాన్ గీత రక్తంలో 30 మిల్లీగ్రాములు, అచ్చంగా మనదే. అక్కడితో ఆగకుండా, కిరాయికి సరుకు మోసే కంపెనీలన్నీ డ్యూటీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ప్రతి డ్రైవరునూ యంత్రంతో పరీక్షించాలని 2011 మేలో నియమం పెట్టారు. ఊరవతల ఉన్న డ్రైవరు చేతిలో ఇమిడే యంత్రంలోకి ఊది, ఫోనులో అంకె చెప్పాలి. అక్కడ చూసేది 30 దాటిందా అని కాదు. ఏమైనా చూపిస్తే బండి ఇవ్వరు. అయితే సొంత సరుకు మోసుకునే కంపెనీల లారీలు, తెల్ల నంబరు ప్లేటువి, ఈ నియమం కిందికి రాలేదు. 2021 జూన్‌లో చిబా ప్రాంతంలోని యాచిమాతాలో అలాంటి లారీ ఒకటి బడి నుంచి ఇళ్లకు పోతున్న పిల్లల మీదికి దూసుకుపోయి ఇద్దరిని బలితీసుకుంది. డ్రైవరు తాగి ఉన్నాడు. పచ్చ ప్లేటు లారీ అయినా, తెల్ల ప్లేటు లారీ అయినా గీత ఒకటే, శిక్ష ఒకటే. తేడా అల్లా పొద్దున ఆఫీసులో ఎవరైనా ఊదమని అడిగారా లేదా అన్నది. ఆ తరవాత ఐదు, అంతకన్నా ఎక్కువ బండ్లున్న కంపెనీలన్నిటికీ నియమాన్ని విస్తరించారు. యంత్రాలు దొరక్క అమలు 2023 డిసెంబరు దాకా వాయిదా పడటం వేరే కథ.

ఒక్క ప్రమాదాన్ని పట్టుకుని అంత మాట అనవచ్చా అంటే, అనకూడదు. అమెరికా లెక్కలు చూద్దాం. అక్కడ ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో ఉన్న భారీ లారీ డ్రైవర్లలో 80 మిల్లీగ్రాముల పైన ఉన్నవారు మూడు నాలుగు శాతం మాత్రమే. కారు డ్రైవర్లలో, మోటారు సైకిలు నడిపేవారిలో అది దాదాపు నాలుగో వంతు. ఈ తేడా అంతా పరీక్షల ఘనతేనని చెప్పను. అక్కడ లారీ పని ఎక్కువగా పగలు, పనిదినాల్లో జరుగుతుంది. తాగి నడపడం శనివారం రాత్రి జబ్బు. పైగా లారీ నడిపేవాడికి లైసెన్సే బతుకుతెరువు, కనుక వెనకాముందూ ఆలోచిస్తాడు. ఇవన్నీ తీసేసినా ఇంకో సంగతి మిగులుతుంది: చెప్పాపెట్టకుండా చేసే పరీక్షల్లో తప్పినవారు వరసగా రెండేళ్లు అర శాతం కన్నా తక్కువ ఉంటేనే పరీక్షల సంఖ్య తగ్గించాలని నియమం. మొదట 25 శాతం మందిని పరీక్షించేవారు, 1998 నుంచి పది శాతానికి దించారు. ఇంతవరకు మళ్లీ పెంచాల్సిన అవసరం రాలేదు.

యంత్రం తప్పు చూపితే అన్న భయం ఉత్తుత్తిది కాదు. 2025లో కేరళలోని పందళం డిపోలో పనసతొనలు తిన్న ఆర్టీసీ డ్రైవర్లు శ్వాస పరీక్షలో తప్పడం వార్త అయింది. బాగా పండిన పండులో పులియడం వల్ల కొద్దిగా ఆల్కహాల్ పుడుతుంది. చాలా హోమియో మందుల్లో, నోరు పుక్కిలించే ద్రవాల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది. నేటి యంత్రాల్లో చాలావరకు ఊపిరిలోని ఆల్కహాల్‌ను ప్లాటినం పలక మీద ఆక్సీకరించి, పుట్టిన విద్యుత్తును కొలుస్తాయి. ఊపిరిలో ఉన్నదానికి రక్తంలో 2100 రెట్లు ఉంటుందన్న లెక్కతో అంకె చూపిస్తాయి. అది ఊపిరితిత్తుల లోతునుంచి వచ్చిందా, పంటి సందులోంచి వచ్చిందా అన్నది చాలా యంత్రాలకు తెలియదు. దీనికి విరుగుడు కూడా కాలమే. నోటిలోని ఆల్కహాల్ పదిహేను నిమిషాల్లో ఆవిరైపోతుంది, రక్తంలోది ఆ వ్యవధిలో పెద్దగా కదలదు. అందుకే అమెరికా నిబంధన, మొదటి పరీక్షలో 20, ఆపైన వచ్చినవాణ్ణి కనీసం పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదించాలంటుంది, రెండోదే లెక్క. నడిరోడ్డు మీద వెనక బండ్లు హారన్లు కొడుతుంటే ఈ ఓపిక కష్టం. డిపోలో ఒక బెంచీ చాలు. కనుపాపలు విప్పారడం, వాసన, తూలడం మాత్రమే చాలవని మన సుప్రీంకోర్టు 1971లోనే ఒక కేసులో తేల్చింది గనుక, సరిగా చేసిన పరీక్ష డ్రైవరుకూ రక్షణే.

మన లారీ రంగానికి ఇవన్నీ పెద్ద కంపెనీల ముచ్చట్లనే ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. మన లారీలు ఎక్కువగా ఒకటి నుంచి ఐదు బండ్లున్న చిన్న యజమానులవి. చాలాచోట్ల యజమానే డ్రైవరు. తనను తాను ఊదమని ఎవరు అడుగుతారు? ఈ చిక్కు అమెరికాకూ ఉంది. అక్కడ సొంత లారీ ఒక్కటే ఉన్నవాడు ఇతరులతో కలిసి ఒక ఉమ్మడి బృందంలో చేరి తీరాలి; చీటీ తీసేది ఆ బృందం, అతను కాదు. మన ఊళ్లలో లారీ ఓనర్స్ అసోసియేషన్లు ఆ పని చెయ్యగలవు. అంతకన్నా సులువైన చోటు ఇంకోటుంది. సిమెంటు ఫ్యాక్టరీ, గ్యాసు ప్లాంటు, విశాఖ, కృష్ణపట్నం రేవులు, మార్కెట్ యార్డులు: బండి ఎవరిదైనా లోడు ఎక్కేది వీటి గేట్ల లోపలే. వేబ్రిడ్జి మీద బరువు చూడకుండా, కాగితాలు చూడకుండా ఏ లారీనీ గేటు దాటనివ్వరు. డ్రైవరు ఊపిరి చూడటానికి అక్కడ పట్టేది ఒక నిమిషం. ఇది మన గడ్డ మీద అసాధ్యమన్న మాట నిలవదు. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కే డ్రైవరు, రైల్వేలో లోకోపైలట్ ఇప్పటికే ఊది ఎక్కుతున్నారు. ప్రయాణికులు కూర్చున్న బండికి అవసరమైన జాగ్రత్త, ప్రయాణికుల మీదికి దూసుకుపోగల బండికి అక్కర్లేదనడానికి కారణం నాకు కనపడదు.

పరీక్షలో తప్పిన డ్రైవరు ఏమవుతాడన్నది చివరికి తేలాల్సిన ప్రశ్న. లారీ మనిషి తాగుడు వెనక నడుం నొప్పి, ఇంటికి నెలల దూరం, అన్‌లోడింగు కోసం రోజుల పడిగాపులు, దొరకని నిద్ర ఉంటాయి. మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అని 1961లోనే చెప్పింది. దాన్ని పక్కన పెట్టి సీసాను మాత్రమే పట్టుకుంటే యజమాని తప్పు డ్రైవరు నెత్తిన రుద్దినట్టవుతుంది. తప్పితే ఉద్యోగం ఊడుతుందని తెలిస్తే అతను పరీక్ష తప్పించుకునే దారులు వెతుకుతాడు, తోటివారు దాస్తారు. అమెరికా నిబంధనలు ఇక్కడ ఒక తలుపు తెరిచి ఉంచాయి. తప్పినవాడు మద్య వ్యసన నిపుణుడి దగ్గరికి పోయి, చెప్పిన చికిత్స పూర్తిచేసి, మళ్లీ పరీక్షలో నెగ్గి పనిలో చేరవచ్చు. మొదటి ఏడాదిలో కనీసం ఆరుసార్లు చెప్పకుండా పరీక్షిస్తారు. 2020 నుంచి ఈ వివరాలన్నీ ఒక జాతీయ రికార్డులో ఉంటున్నాయి గనుక కంపెనీ మారి తప్పించుకోలేడు. కానీ ఆ చికిత్స ఖర్చు ఎవరు పెట్టాలో నిబంధన చెప్పదు. అది యజమానీ కార్మికుడూ తేల్చుకోవాలి, చాలాసార్లు కార్మికుడి మీదే పడుతుంది. ఆ రికార్డులో తప్పినవారిగా నమోదైన డ్రైవర్లలో చాలామంది తిరిగివచ్చే ప్రక్రియ మొదలే పెట్టడం లేదు. ఈ పద్ధతిని మనం తెచ్చుకుంటే ఆ ఖర్చును బాడుగలోనో, బీమా ప్రీమియంలోనో, లోడు ఎక్కించే ఫ్యాక్టరీ ఖాతాలోనో ముందే రాసి తెచ్చుకోవాలి.